రై విస్కీకి రెండో పీపా ఎందుకు?

అమెరికాలో మద్యం దుకాణానికి వెళ్ళి విస్కీ అరల ముందు నిలబడితే, ఈ పదిపన్నెండేళ్ళుగా కొన్ని మాటలు పదేపదే కంటబడుతున్నాయి. డబుల్ ఓక్, ట్వైస్ బారెల్డ్, టోస్టెడ్ బారెల్ ఫినిష్. పేర్లు ఎన్నైనా సంగతి ఒకటే. ఓక్ పీపాలో కొన్నేళ్ళు నిలవ ఉంచిన విస్కీని తీసి, మరో ఓక్ పీపాలో పోసి, ఇంకొన్ని నెలలు ఉంచారు. అందుకు సీసాకి పదో ఇరవయ్యో డాలర్లు ఎక్కువ అడుగుతున్నారు.

మా స్నేహితుల్లో దీనిమీద రెండు పక్షాలున్నాయి. "ఇదంతా మార్కెటింగ్ గురూ, పాత కోడుకి కొత్త వెర్షన్ నంబరు తగిలించినట్టే" అనేది ఒక పక్షం. "నాలుకకి తేడా తెలుస్తూనే ఉంది గదా, ఇంక వాదన దేనికి?" అనేది రెండో పక్షం. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరి మాటలో ఎంత అన్నది తేల్చుకోవాలంటే మాత్రం పీపా లోపల ఏం జరుగుతోందో చూడాలి. అక్కడ జరిగేదాంట్లో కెమిస్ట్రీ ఉంది, చట్టం ఉంది, వ్యాపారం ఉంది. అందుచేత ఇది తాగేవాళ్ళ కోసం మాత్రమే రాస్తున్నది కాదు.

ముందు రై సంగతి. హైదరాబాదు హిందీలో ఆవాల్ని రాయీ అంటారు. దానితో దీనికి సంబంధం లేదు. ఇది గోధుమకీ బార్లీకీ దాయాది. చలికి తట్టుకుంటుంది, సారంలేని నేలలో కూడా పండుతుంది. అందుకే తూర్పుతీరానికి వలసవచ్చిన రైతులకి మొక్కజొన్న కన్నా ముందు ఇదే అక్కరకొచ్చింది. పెన్సిల్వేనియా, మేరీలాండ్ రాష్ట్రాల్లో విస్కీ అంటే ఒకప్పుడు రై విస్కీయే. 1791లో కొత్త ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేస్తే పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు తిరగబడ్డారు. 1794లో వాషింగ్టన్ సైన్యాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ వాషింగ్టనే పదవి దిగాక 1797లో మౌంట్ వెర్నన్‌లో బట్టీ పెట్టాడు. 60 పాళ్ళు రై, 35 పాళ్ళు మొక్కజొన్న, 5 పాళ్ళు మొలకెత్తించిన బార్లీ. 1799లో అక్కడ దాదాపు 11,000 గాలన్లు తీశారు. అయితే ఆ విస్కీకి పీపాలో నిద్ర లేదు. తీసింది తీసినట్టే, నీళ్ళలా తెల్లగా అమ్ముడుపోయేది.

1920 నుంచి 1933 దాకా సాగిన మద్యనిషేధంతో రై నడుం విరిగింది. నిషేధం పోయాక జనానికి తియ్యటి బర్బన్, తేలికైన కెనడా విస్కీ అలవాటయ్యాయి. పెన్సిల్వేనియా, మేరీలాండ్ బట్టీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1990ల నాటికి కెంటకీ కంపెనీలు ఏడాదిలో కొద్దిరోజులు మాత్రమే, పేరు నిలబెట్టడానికి అన్నట్టుగా, రై కాచేవి. 2000 దాటాక పాత కాక్‌టెయిల్స్ మీద మళ్ళీ మోజు పుట్టి దీనికి ప్రాణం వచ్చింది. ఇంతకాలం ఎవరికీ అక్కర్లేని సరుకు ఒక్కసారిగా అందరికీ కావాల్సివచ్చింది. నిలవలు లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఇక చట్టం. అమెరికాలో సీసా మీద రై విస్కీ అని రాయాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం రై ఉండాలి. బట్టీ నుంచి దిగే సారా 80 శాతం ఆల్కహాల్ దాటకూడదు. పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటకూడదు. పీపా ఓక్ కర్రదై ఉండాలి, కొత్తదై ఉండాలి, లోపలి గోడ మాడ్చినదై ఉండాలి. కనీసం రెండేళ్ళు అలా ఉంచితే ముందు "స్ట్రెయిట్" అన్న మాట చేర్చుకోవచ్చు. స్ట్రెయిట్ అన్నాక రంగు గానీ, రుచి కోసం మరో పదార్థం గానీ కలపకూడదు. (సరిహద్దు దాటి కెనడా వెళితే విస్కీని రై అని పిలవడానికి అందులో రై గింజ ఉండాల్సిన పని కూడా లేదు. అది వేరే కథ.)

కొత్త పీపాయే కావాలన్న నిబంధన 1930ల చివర్లో వచ్చింది. అప్పటినుంచి అమెరికా విస్కీ, స్కాచ్ విస్కీ రెండు వేరు దారులు పట్టాయి. స్కాట్లండ్‌లో పీపాని మూడు నాలుగుసార్లు వాడతారు. అమెరికాలో ఒకసారి వాడిన పీపా రై విస్కీకి, బర్బన్‌కి మళ్ళీ పనికిరాదు. అయితే మొదటి పీపా కొత్తదై ఉండాలన్న చట్టం, రెండో పీపాలో పొయ్యకూడదని ఎక్కడా అనలేదు. మన వృత్తిలో వాళ్ళకి ఇలాంటి సందులు వెంటనే కనిపిస్తాయి.

పీపా అనగానే మనకి నిలవచేసే పాత్ర గుర్తొస్తుంది. ఆవకాయ జాడీ లాగా. జాడీ తన పని తాను చేసుకుంటుంది, కానీ ఆవకాయకి రుచి ఇవ్వదు. విస్కీ పీపా అలా కాదు. అది పాత్ర కాదు, దినుసు. విస్కీలో మీరు చూసే రంగు మొత్తం కర్ర ఇచ్చిందే. వాసనలోనూ సగానికి పైగా కర్రదే అంటారు పీపాల పనివాళ్ళు.

అమెరికా పీపాలకి వాడేది తెల్ల ఓక్. దీని నాళాలు సహజంగానే పూడుకుపోయి ఉంటాయి, కాబట్టి మేకులూ జిగురూ లేకుండా బద్దల్ని ఇనప కట్లతో బిగిస్తే చాలు, కారదు. ఒక్కో పీపా 53 గాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. కర్రలో సెల్యులోజ్‌ని పక్కన పెడితే మనకి కావలసినవి మూడు. హెమిసెల్యులోజ్ వేడికి విరిగి చక్కెరలుగా, ఆపైన పాకం వాసనలుగా మారుతుంది. లిగ్నిన్ విరిగితే వెనిలిన్, అంటే ఐస్‌క్రీం వెనిలాలోని పదార్థమే, వస్తుంది. మూడోది టానిన్, కరక్కాయ కొరికితే నోరు పట్టేసే వగరు. ఇవి కాక ఓక్ లాక్టోన్ అని మరొకటి ఉంది; పచ్చి కొబ్బరి వాసన దానిదే.

ఇప్పుడు అసలు విషయం. పీపా లోపలి గోడని వేడిచేసే పద్ధతులు రెండు. మంట నేరుగా తగిలేట్టు కొద్ది సెకన్లు పెట్టి బొగ్గు చెయ్యడం ఒకటి. అన్నిటికన్నా గట్టిగా మాడ్చే నాలుగో నంబరుకి కూడా 55 సెకన్లు చాలు. కర్ర మొసలి చర్మంలా పగుళ్ళు దేరుతుంది. రెండోది సెగ మీద నిదానంగా, నిమిషాల తరబడి దోరగా వేయించడం. వంటింట్లో ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ ఎవరినడిగినా చెబుతారు, వేరుశనగ గింజల్ని దోరగా వేయించడానికీ మాడ్చడానికీ ఎంత తేడానో. మాడ్చిన పొర బొగ్గు కదా, అది వడపోత పని చేస్తుంది. కొత్త సారాలో ఉండే గంధకపు కంపుని పీల్చేసుకుంటుంది. దోరగా వేగిన కర్ర వడపోయదు. లోతుగా వేడి తగలడంతో పాకం, వెనిలా, మసాలా వాసనలు ధారాళంగా ఇస్తుంది. మాడ్చిన పీపాలోనూ బొగ్గు వెనక పల్చగా దోర పొర ఉంటుంది గానీ, అది పల్చనే.

అంటే ఒకరు ఇల్లు ఊడ్చేవాళ్ళు, మరొకరు ముగ్గుపెట్టేవాళ్ళు. మొదటి పీపా ఊడ్చిపెట్టాక రెండోదానికి మళ్ళీ ఊడ్చే పని లేదు. అందుకే రెండో పీపాని చాలామంది మాడ్చకుండా దోరగా వేయించి వదిలేస్తారు, లేదా ఎక్కువసేపు వేయించి పైపైన మాడుస్తారు. మిక్టర్స్ కంపెనీ 2014లో తెచ్చిన టోస్టెడ్ బారెల్ బర్బన్ మొదటి పద్ధతిది. తర్వాత అదే పద్ధతిలో రై కూడా తెచ్చారు. ఉడ్‌ఫర్డ్ రిజర్వ్ 2012లో తెచ్చిన డబుల్ ఓక్‌డ్ బర్బన్ రెండో పద్ధతిది. మేరీలాండ్‌లో రైని మళ్ళీ నిలబెట్టాలని బాల్టిమోరులో వెలిసిన సాగమోర్ స్పిరిట్ వాళ్ళ డబుల్ ఓక్ రైకి, దోరగా వేయించి, లోపలివైపు అలల్లా చెక్కిన బద్దల పీపా వాడతారు. అలల వల్ల విస్కీకి తగిలే కర్ర వైశాల్యం పెరుగుతుంది.

ఇంతకీ మొదటి పీపాలోనే ఇంకో రెండేళ్ళు ఉంచితే సరిపోదా? చాలామంది అడిగే ప్రశ్న ఇదే. సరిపోదు. ఎందుకంటే పీపాలో ఒకే పని జరగడం లేదు, రెండు పనులు వేర్వేరు వేగాల్లో నడుస్తున్నాయి. కర్రలోంచి సారం దిగడం మొదటి పని. ఇది మొదట్లో జోరుగా సాగుతుంది. తొలి ఏడాదిలోనే చాలాభాగం దిగిపోతుంది, ఆ తర్వాత నత్తనడక. రెండో పని గాలితో జరిగేది. కర్ర సూక్ష్మరంధ్రాల్లోంచి ఆక్సిజన్ కొద్దికొద్దిగా లోపలికి వచ్చి ఆల్కహాల్‌ని ఆల్డిహైడ్‌గా, ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లాలు తిరిగి ఆల్కహాల్‌తో కలిసి పళ్ళవాసన ఇచ్చే ఎస్టర్లవుతాయి. ఇది ఏళ్ళ తరబడి ఒకే తీరున సాగుతుంది. 1970లలో సీగ్రామ్ కంపెనీ పరిశోధకుడు రీజిన్, ఆయన తోటివాళ్ళు రేడియో కార్బన్ గుర్తున్న ఆల్కహాల్‌ని పీపాలో కలిపి, ఆ గుర్తు ఏయే పదార్థాల్లో తేలిందో వెతికి, ఏది కర్ర నుంచి వచ్చిందో ఏది ఆల్కహాల్ నుంచి పుట్టిందో విడదీశారు. ప్రోగ్రాములో ట్రేస్ పెట్టి డీబగ్ చెయ్యడం లాంటిదే.

ఇక్కడ ఒక చిన్న మెలిక. సారం దిగడం నెమ్మదించేది విస్కీ కడుపు నిండిపోయి కాదు. కర్ర చేతికందినంత మేర ఖాళీ అయిపోయి. వాడిన పీపా బద్దని అడ్డంగా కోసి చూస్తే, విస్కీ ఎంత లోతుకి వెళ్ళి వచ్చిందో ఎర్రటి గీత కనిపిస్తుంది. ఎండాకాలం విస్కీ వ్యాకోచించి కర్రలోకి చొరబడటం, చలికాలం వెనక్కి రావడం, అంతా ఆ గీత దాకానే. విస్కీకి ఇంకా ఆకలి ఉంది కాబట్టి, కొత్త కర్ర తగిలితే మొదటి పని మళ్ళీ జోరుగా మొదలవుతుంది. గడియారం ఒక ముల్లు సున్నాకి వెళుతుంది, రెండో ముల్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మొదటి పీపాలోనే ఉంచేస్తే ఈ లోపు దేవతల వాటా కింద కెంటకీలో ఏటా మూడు నుంచి ఐదు శాతం ఆవిరైపోతుంది. (బెంగుళూరు వేడికి అమృత్ కంపెనీ వాళ్ళకి ఇది పది శాతం దాకా ఉంటుంది. వాళ్ళు రకరకాల ఓక్ బద్దల్ని కలిపి ఒకే పీపాగా బిగించి, స్పెక్ట్రమ్ అన్న పేరుతో ఒక విస్కీ చేశారు. రై కాదు, బార్లీదే. కానీ ఆలోచన ఇదే.)

అయితే కొత్త కర్ర పాకం ఒక్కటే ఇవ్వదు, కరక్కాయ కూడా ఇస్తుంది. పైగా రైకి ఉన్న ప్రమాదం బర్బన్‌కి లేదు. బర్బన్ మొక్కజొన్నది, స్వతహాగా తియ్యనిది. ఓక్ తీపి దానికి చుట్టమే. రై గింజ గుణం వేరు. దాని పొట్టులో ఫెరూలిక్ ఆమ్లం మెండు, అందులోంచి పుట్టే ఫీనాల్‌కి లవంగం వాసన. లవంగంలోని యూజెనాల్‌కి అది దగ్గరి బంధువే. మిరియాల ఘాటు, సోంపు, పచ్చిగడ్డి, ఇదీ రై. అతిగా ఓక్ పట్టిస్తే ఇవన్నీ పాకం కింద మునిగిపోతాయి. అప్పుడది మంచి విస్కీయే కావచ్చు, కానీ రై విస్కీ తాగుతున్నామని చెప్పేందుకు నోట్లో ఆధారం మిగలదు.

ఇది మాటలతో తేలేది కాదని పోయిన చలికాలం నలుగురం మా ఇంట్లో కూర్చున్నాం. ఒకే కంపెనీ మామూలు రై, దాని రెండు పీపాల రై. మా ఆవిడ గ్లాసుల కింద నంబర్లు అంటించి తెచ్చి పెట్టింది. నలుగురిలో మూర్తిగారు చుక్క ముట్టరు. కానీ ఆయన కాఫీ గింజలు తెప్పించుకుని ఇంట్లో తనే వేయించుకుంటారు. ఆయన ముక్కు మీద నాకు మా నాలుకల మీదకన్నా గురి. "మీరు వాసన చూసి చెప్పండి చాలు" అంటే ఒప్పుకున్నారు. మొదటి గ్లాసు చూసి, "మిరియాల చారులో సోంపు వేసినట్టుందండీ" అన్నారు. రెండోది చూసి కాసేపు ఆగి, "ఇది అరిసెల పాకం. వెనకాల మిరియం ఉంది గానీ పిలిస్తే తప్ప పలకడం లేదు" అన్నారు. తాగిన ముగ్గురిలో ఇద్దరికి రెండోదే నచ్చింది. నాకూ నచ్చింది, కాకపోతే రెండో గుక్క తర్వాత మొదటి గ్లాసు వైపే చెయ్యి వెళ్ళింది. మూర్తిగారి మాటకన్నా మంచి వర్ణన విస్కీ పుస్తకాల్లో నాకు దొరకలేదు.

ఇంతవరకూ రెండో పీపా పక్షాన మాట్లాడాను. ఇప్పుడు మార్కెటింగ్ అనే పక్షం మాట.

నిలవలు లేవని ఇందాక అన్నాను గదా. 2000 దాటాక రైకి గిరాకీ పెరిగినప్పుడు కొత్త కంపెనీలకి ఆరేళ్ళు ఆగే ఓపికా లేదు, డబ్బూ లేదు. నేనుండే సిన్సినాటి నుంచి అరగంట దూరంలో, ఇండియానాలోని లారెన్స్‌బర్గ్‌లో పాత సీగ్రామ్ బట్టీ ఉంది. 2011లో ఎమ్‌జీపీ అనే కంపెనీ కొన్నది. 2021లో రాస్ అండ్ స్క్విబ్ అని పేరు పెట్టింది. 95 శాతం రై, 5 శాతం బార్లీతో అక్కడ కాచే విస్కీ దేశమంతా ఎన్నో పేర్ల సీసాల్లోకి వెళుతుంది. ఇది తప్పేం కాదు, అది మంచి విస్కీ. కానీ పదిమందీ ఒకేచోట సరుకు కొంటున్నప్పుడు మనది వేరని చెప్పుకోవడం ఎలా? రెండో పీపా అందుకు తేలిక మార్గం. విజిల్‌పిగ్ పన్నెండేళ్ళ రైని మదీరా, సొటెర్న్, పోర్ట్ వైన్ పీపాల్లో ఉంచి మూడిటినీ కలిపి 2015లో ఓల్డ్ వరల్డ్ పేరుతో తెచ్చింది. ఏంజెల్స్ ఎన్వీ రైని కరీబియన్ రమ్ పీపాల్లో ఉంచింది. ఈ ఆలోచన అసలు స్కాట్లండ్‌ది. అక్కడ బల్వెనీ వాళ్ళ డబుల్‌వుడ్ 1993 నాటిది. పన్నెండేళ్ళు పండిన విస్కీకి వైన్ పీపా పట్టించడం తాలింపు పెట్టడం లాంటిది. పచ్చి విస్కీకి పట్టించడం ఉడకని పప్పుకి తాలింపు పెట్టడం.

ఉడకని పప్పు నేను చూశాను. పేరు ఎందుకులెండి, ఒక చిన్న బట్టీ చూడటానికి వెళ్ళినప్పుడు, రెండు పీపాల రై అని గొప్పగా రుచి చూపించారు. మొదటి పీపాలో ఎంతకాలం ఉందని అడిగాను. రెండేళ్ళకి కాస్త తక్కువ అన్నాడు చూపించే కుర్రాడు. రెండోదాంట్లో మూడు నెలలట. ముక్కుకి పాకం, నాలుకకి పచ్చి సారా. కర్రతో చేసే పనిని కర్రతో తొందరపెట్టొచ్చు, గాలితో చేసే పనిని తొందరపెట్టలేం. చిన్న పీపాలు వాడేవాళ్ళ చిక్కు కూడా ఇదే. 53 గాలన్ల బదులు 5 గాలన్ల పీపా పెడితే లీటరుకి తగిలే కర్ర రెండింతలు దాటుతుంది, రంగు త్వరగా వస్తుంది, వయసు రాదు.

చట్టం మనకి కొంత సాయం చేస్తుంది, సీసా వెనక చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉంటే. రెండో పీపా కూడా కొత్తది, మాడ్చినది అయితే విస్కీ మామూలు స్ట్రెయిట్ రైగానే ఉండిపోతుంది. వైన్ పీపానో రమ్ పీపానో అయితే "స్ట్రెయిట్ రై విస్కీ" తర్వాత "ఫినిష్డ్ ఇన్" అన్న తోక తగిలించి తీరాలి. ఆ తోక ముందు స్ట్రెయిట్ అన్న మాట లేకపోతే నేను సీసా తిరిగి అరలో పెట్టేస్తాను. ఎక్కడ కాచారో కూడా రాయాలి. టెంపుల్‌టన్ రై అయోవా పాత వంటకమని చెప్పుకుంటూ సరుకు ఇండియానా నుంచి తెచ్చుకునేది. 2014లో వినియోగదారులు దావా వేశారు, 2015లో రాజీ కుదిరి లేబుల్ మార్చారు. రెండు పీపాల రై కొనేముందు నేను చూసేది మొదటి పీపాలో ఎన్నేళ్ళున్నదీ అని. నాలుగేళ్ళు దాటితే, రెండోది ఏ కర్రో చూస్తాను. వయసు దాచిపెట్టి రెండో పీపా గురించి మాత్రమే పేరాలు పేరాలు రాస్తే, రెజ్యూమెలో అనుభవం ఎగ్గొట్టి సర్టిఫికెట్లు మాత్రం వరసపెట్టి రాసిన అభ్యర్థి గుర్తొస్తాడు.

ఖర్చు లెక్క సీసా ధరతో ఆగదు. పీపాకి పనికొచ్చే తెల్ల ఓక్ చెట్టు ఎదగడానికి డెబ్భై ఎనభై ఏళ్ళు పడుతుంది. పెద్ద చెట్లు ఇంకా చాలానే ఉన్నాయి గానీ, వాటి కింద లేత మొక్కలు తగినన్ని నిలదొక్కుకోవడం లేదని అటవీ శాస్త్రజ్ఞులు అంటున్నారు. 2017లో కెంటకీ విశ్వవిద్యాలయం, మరికొన్ని సంస్థలు కలిసి వైట్ ఓక్ ఇనీషియేటివ్ మొదలుపెట్టాయి. విస్కీ కంపెనీలు కూడా అందులో చేరాయి. రెండు కొత్త పీపాల రై అంటే అదే విస్కీకి రెండింతలు ఓక్. వాడేసిన మొదటి పీపాలకి స్కాట్లండ్‌లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. దోరగా వేగి ఆరునెలలు మాత్రమే పనిచేసిన రెండో పీపాలో ఇంకా బోలెడు సారం మిగిలి ఉంటుంది. బీరు కాచేవాళ్ళు, మేపుల్ సిరప్ పట్టేవాళ్ళు వాటికోసం వరసలో ఉంటారు. మా ఊరి బీరు బట్టీలో అలాంటి పీపాలోంచి దించిన నల్ల బీరు వాసన మూర్తిగారికి చూపించాలని ఉంది. అరిసెల పాకం అందులోనూ పట్టేస్తారేమో.